గోదారి గట్టా... కాకినాడ గాలా?

రెండూ పక్కపక్క ఊళ్ళే. మధ్య దూరం 60 కిలోమీటర్ల పైచిలుకు. ఒకే నీళ్ళు తాగుతాయి, ఒకే యాస మాట్లాడతాయి. అయినా ఉద్యోగ విరమణ తర్వాత సొంత జిల్లాకు తిరిగొద్దామనుకునే వాళ్ళకు మాత్రం నెలల తరబడి నిద్రపట్టనివ్వవు... రాజమండ్రి, కాకినాడ!

రాజమండ్రిలో ఓ పెద్దమనిషిని ఆపి కాకినాడ ఎలా ఉంటుందని అడగండి. 'ఆయ్, ఆఫీసర్ల ఊరండీ. తొమ్మిదయ్యేసరికి దీపాలార్పేస్తారు' అంటాడు. కాకినాడలో రాజమండ్రి గురించి అడగండి. 'గోదారి బాగుంటదండీ... స్నానం చేసి వచ్చేయడానికి' అనేస్తారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, ఎక్కువ వేళాకోళం ఉంది. ఈ ఊరివాళ్ళూ ఆ ఊరివాళ్ళూ పిల్లనిచ్చి పుచ్చుకుంటారు. పెళ్ళి బట్టలకు ఓసారి తాడితోటకు వెళ్తే మరోసారి టెంపుల్ స్ట్రీటుకు వెళ్తారు. సారెలోకి కాజాలు పంపుకుంటారు. ఊరి మాట వచ్చేసరికి మాత్రం ఎవరి ఊరు వాళ్ళకే గొప్ప.

ఈ పోటీ నిన్న మొన్నటిది కాదు. బ్రిటిష్‌వాళ్ళ కాలం నుంచీ కలెక్టరు కాకినాడలో ఉంటే జిల్లా జడ్జి రాజమండ్రిలో ఉండేవాడు. సెంట్రల్ జైలూ రాజమండ్రిలోనే. భూమి తగాదా ఉన్న రైతు కాగితాల కోసం ఒక ఊరికి, వాయిదా కోసం ఇంకో ఊరికి బస్సెక్కేవాడు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో ఆ లెక్క మారింది. కాకినాడ పేరుతో ఒక జిల్లా వచ్చింది. తూర్పుగోదావరి అన్న పాత పేరు రాజమండ్రికి దక్కింది. కోనసీమ అమలాపురం కేంద్రంగా విడిపోయింది. 'తూర్పుగోదావరి జిల్లా ముఖ్యపట్టణం కాకినాడ' అని బళ్ళో గొంతెత్తి అప్పజెప్పిన తరానికి ఈ మార్పు ఇంకా నోటికి అలవాటు కాలేదు.

ఆ తరమే ఇప్పుడు రిటైరవుతోంది. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళ కిందట ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్ళి మల్కాజిగిరిలోనో, కూకట్‌పల్లిలోనో చిన్న ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళు. పిల్లలు బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. పల్లెలో ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో పోయింది. లేదా ఉంది గానీ దగ్గర్లో గుండె డాక్టరు లేడు. ఇక మిగిలింది ఊరికీ నగరానికీ మధ్య ఉండే పట్నం. అలా చూస్తే గోదావరి తూర్పుగట్టు వాళ్ళకు రెండే పేర్లు తోస్తాయి. 2011 జనాభా లెక్కల్లో రెండూ మూడు లక్షలు దాటిన ఊళ్ళే. పెద్ద తేడా లేదు. తేడా అంతా ఎలా బతుకుతారన్న దగ్గరే.

రెండు దారులు, ఒకే నీరు

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళడానికి ప్రధానంగా రెండు దారులు. మొదటిది కాలువ పక్కన సాగే కెనాల్ రోడ్డు. కడియం నర్సరీలు, ద్వారపూడి, అనపర్తి, చాళుక్యుల నాటి గుళ్ళున్న బిక్కవోలు, సామర్లకోట... రైలు కూడా ఇంచుమించు ఇదే వరసలో వెళ్తుంది. బంతి, చామంతి నారు మొదలుకొని లారీకి ఒకటే పట్టేంత పెద్ద తాటి మొక్కల దాకా రోడ్డు పొడవునా పేర్చి ఉండే కడియం దగ్గర కొత్తగా కాపురం పెట్టేవాళ్ళు ఆగకుండా పోరు. రెండోది రాజానగరం నుంచి రంగంపేట, పెద్దాపురం మీదుగా వెళ్ళే దారి. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో వేశారు కాబట్టి అందరికీ అది ఏడీబీ రోడ్డు. ఇది మెట్ట దారి. బస్సులో గంటన్నర, రెండు గంటలు.

కాలువ సంగతి ఎందుకంటే... కాకినాడలో కొళాయి తిప్పినా వచ్చేది గోదావరే. సముద్రం పక్కన కావడంతో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. తాగునీరు కాలువలోంచి రావాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ముందే చెరువుల్లో నింపుకున్న నీళ్ళే గతి. అందుకే కాకినాడలో ఇల్లు చూసేటప్పుడు తెలిసినవాళ్ళు మొదట మోటారు వేయించి బోరు నీళ్ళు నాలిక మీద వేసుకు చూస్తారు. తర్వాతే గదులు చూస్తారు.

మెట్ల దగ్గర మొదలయ్యే ఊరు

2015లో రాజమండ్రికి రాజమహేంద్రవరం అన్న పాత పేరు అధికారికంగా తిరిగొచ్చింది. బస్సు బోర్డు మీద కొత్త పేరు, కండక్టరు నోట్లో అలవాటైన పేరు! రాజరాజ నరేంద్రుడు ఏలిన చోటు, నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలెట్టిన చోటు అన్న సంగతి కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకు మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెప్పేస్తారు. అయితే తెల్లవారుజామున ఊరిని నిద్రలేపేది మాత్రం చరిత్ర కాదు, నది. ఇన్నీసుపేటలోనో, కోటగుమ్మం దగ్గరో ఇల్లు దొరికితే కాసేపు నడిస్తే గట్టు. పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు, గౌతమీ ఘాట్... ఎక్కడ చూసినా చీకటి విడకముందే మెట్ల మీద మనుషులుంటారు. మునకలేసేవాళ్ళు కొందరు, ఊరికే కూర్చునేవాళ్ళు కొందరు, షుగరు మాత్రల ధరల గురించి మాట్లాడుకునేవాళ్ళు ఇంకొందరు.

ఎదురుగా వంతెనల వరస. 1900లో రైళ్ళు మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, ఆ తర్వాత విల్లుల్లాంటి కమానులతో లేచిన మూడోది. దిగువన ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టించింది అక్కడే. ఇప్పుడున్నది దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ. ఇంత దృశ్యం రోజూ ఉచితంగా దొరికే పట్నాలు రాష్ట్రంలో ఎన్నో లేవు.

పొద్దుపోవడానికి కూడా కొదవ లేదు. గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాలు తిరగేయొచ్చు. 28 ఏళ్ళు నిండకుండానే కన్నుమూసిన దామెర్ల రామారావు బొమ్మలు ఆయన పేరిటున్న గ్యాలరీలో చూడొచ్చు. సాయంత్రం ఎక్కడో ఓచోట ప్రవచనం, సాహిత్య సభ ఉంటుంది. మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగొచ్చు, షుగరు లేనివాళ్ళు మాత్రమే. వానాకాలం ఎర్రనీరు తగిలాక పులస పడిందన్న వార్త రేవుల్లోంచి ఇళ్ళకు చేరుతుంది. ధర వినడానికే తప్ప కొనడానికి పింఛను సరిపోదనుకోండి.

ఇక రెండోవైపు. మే నెలలో రాజమండ్రి మండిపోతుంది. సముద్రపు గాలి ఇక్కడిదాకా రాదు, వచ్చినా అలిసిపోయి వస్తుంది. ఊళ్ళో వీధులు ఎత్తుపల్లాలు, మలుపులు. పాత బజారులో ఆటో, తోపుడు బండి, ఆవు, మోటారు సైకిలు అన్నీ ఒకే సందులో దూరతాయి. కొత్త ఇళ్ళన్నీ నదికి దూరంగా మోరంపూడి, లాలాచెరువు, బొమ్మూరు వైపు పెరిగాయి. గోదావరి కోసం వచ్చి జాతీయ రహదారి పక్క అపార్టుమెంటులో లారీల హారన్లు వింటూ కూర్చున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కడి నుంచి గట్టుకు రావాలంటే ఆటో మాట్లాడుకోవాలి. వారానికోసారి అనుకున్నది నెలకోసారి అవుతుంది, తర్వాత కార్తికమాసానికి అవుతుంది.

వరద భయం చాలామంది అనుకునేంత లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. 2022 జులైలో మూడోదీ దాటింది. అప్పుడు కూడా ఎక్కువ దెబ్బ తిన్నవి దిగువనున్న లంకలే. ఊరు చాలామటుకు గట్టు మీద ఉంది. అసలు రద్దీ వరద పుష్కరాలప్పుడు వస్తుంది. 2015 జులై 14న పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయిన సంగతి ఆ ఊరు మర్చిపోలేదు. 2027లో మళ్ళీ పుష్కరాలు. రాజమండ్రిలో ఇల్లున్నవాడికి ఆ పన్నెండు రోజులూ తెలియని బంధువులు కూడా తెలుస్తారు.

గీత గీసినట్టు వీధులు

కాకినాడ ఇంకో రకం. జగన్నాథపురంలో డచ్చివారు వర్తకం చేసిన రోజుల నుంచీ ఓడల ఊరు. బ్రిటిష్‌వాళ్ళ నోట్లో కోకనాడ. రామారావుపేట, గాంధీనగరం, సూర్యారావుపేట... వీధులు స్కేలు పెట్టి గీసినట్టు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి. దారి తప్పినా రెండు మలుపులు తిరిగితే మళ్ళీ తెలిసిన చోటే తేలతారు. నేల అరచెయ్యిలా చదును. డెబ్భై ఏళ్ళాయన సైకిలు మీద కూరగాయలు తెచ్చుకోవడం ఇక్కడ వింత కాదు. పెన్షనర్ల స్వర్గమని దీనికి ఎప్పటి నుంచో పేరుంది. ఆ పేరు తెచ్చింది సముద్రం కాదు, ఈ వీధులే అనిపిస్తుంది.

ఎందుకంటే కాకినాడలో సముద్రం కనబడదు! కొత్తగా వచ్చినవాళ్ళు స్టేషన్లో దిగి సముద్రం ఎటు అని అడిగి భంగపడతారు. ఊరికీ సముద్రానికీ మధ్య ఉప్పుటేరు, రేవు, గోదాములు. బీచికి వెళ్ళాలంటే వాకలపూడి వైపు బండి మీద పోవాలి. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డుకట్టలా నిలబడి ఉండటంతో కాకినాడ రేవు నీరు చెరువులా నిదానంగా ఉంటుంది, అలల హోరు ఉండదు. అటు కోరింగ మడ అడవులు, ఇటు చీరలకు పేరుపడ్డ ఉప్పాడ. సముద్రం కనబడకపోయినా మధ్యాహ్నం రెండు దాటాక దాని గాలి మాత్రం గుమ్మంలోకి వస్తుంది. దాంతోపాటు ఉక్కపోతా వస్తుంది, ఇనప గ్రిల్లుకు తుప్పూ వస్తుంది. రంగుల ఖర్చు రాజమండ్రికన్నా ఎక్కువని ఇళ్ళవాళ్ళు చెబుతారు.

చదువుల ఊరు కూడా. పిఠాపురం రాజా కళాశాల, 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాల, జేఎన్‌టీయూ. పిల్లల చదువులు అయిపోయినవాళ్ళకు ఇవెందుకంటే... వైద్య కళాశాల ఉన్న చోట పెద్దాసుపత్రి ఉంటుంది, పెద్దాసుపత్రి ఉన్న చోట చుట్టూ డాక్టర్లుంటారు. కంటికొకరు, కీలుకొకరు, గుండెకొకరు. చాలామంది పాత ఇళ్ళ కింది వాటాల్లోనే బోర్డు పెట్టుకుని ఉంటారు. రాజమండ్రిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో గానీ రాలేదు. అంతకుముందు నుంచీ రాజానగరం దగ్గర ప్రైవేటు వైద్య కళాశాల, ఊళ్ళో మంచి ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. రాజమండ్రిలో వైద్యం లేదనడం అన్యాయం. అయితే వైద్యం వీధి చివర ఉండటానికీ, ఆటోలో వెళ్ళేంత దూరంలో ఉండటానికీ తేడా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకే తెలుస్తుంది.

కళలకు కాకినాడ ఎండిన ఊరేం కాదు. సరస్వతీ గానసభ కచేరీలకు పాత పేరు. యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లోంచే ఎస్వీ రంగారావు, అంజలీదేవి సినిమాలకు వెళ్ళారు. 1923లో కాంగ్రెస్ మహాసభ ఇక్కడే జరిగింది. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసిన వాలంటీరు పిల్ల, తర్వాత రోజుల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆవిడ పుట్టింది మాత్రం రాజమండ్రిలో. ఈ ముక్క చెప్తే రెండు ఊళ్ళవాళ్ళూ సంతోషిస్తారు. తిండి విషయంలో పోటీ పెట్టడం కష్టం. సుబ్బయ్య హోటలు భోజనం తిన్నవాడు ఆ పూట ఇంకో ఊరి పేరెత్తడు. కొరికితే పాకం జారే కోటయ్య గొట్టం కాజా సంగతి అందరికీ తెలిసిందే.

కాకినాడకు దాచలేని భయం ఒకటుంది. తుపాను. 1996 నవంబరు 6 రాత్రి తీరం దాటిన తుపాను ఈ జిల్లాలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రాత్రిని చూసినవాళ్ళు ఇప్పటికీ నవంబరులో గాలి దిశ మారితే మేడ మీది నీళ్ళ ట్యాంకు మూత చూసి వస్తారు. ఊరు చదును కావడం సైకిలుకు మంచిదే, వాననీటికి మాత్రం కాదు. గట్టివాన పడితే నీరు పోవడానికి పల్లం లేక కొన్ని వీధుల్లో మోకాలిలోతు నిలుస్తుంది. 2016లో తొలి విడత స్మార్ట్ సిటీల జాబితాలో చేరినా ఈ చిక్కు పూర్తిగా తీరలేదు. ఇక ఉప్పాడ దగ్గర తీరాన్ని సముద్రం ఏటా కొరుక్కు తింటూనే ఉంది. బీచ్ రోడ్డు వేయడం, కోసుకుపోవడం, మళ్ళీ వేయడం... అదో నిత్య వ్రతం.

సామర్లకోటలో దిగితే...

పిల్లలు దూరాన ఉన్నవాళ్ళకు ఊరంటే సగం రైలు స్టేషనే. రాజమండ్రి హౌరా-చెన్నై ప్రధాన మార్గం మీద ఉంది. ఇటు విశాఖ, అటు విజయవాడ... ఏ వేళకైనా ఏదో ఒక బండి దొరుకుతుంది. కాకినాడ ఆ మార్గానికి పక్కన, సామర్లకోట నుంచి విడిపోయే కొమ్మ చివర ఉంది. గౌతమి లాంటి బళ్ళు కాకినాడలోనే బయల్దేరతాయి కాబట్టి హైదరాబాదు ప్రయాణానికి లోటు లేదు. ఎక్కేటప్పటికి బోగీ ఖాళీగా ఉంటుంది, సామాను తాపీగా సర్దుకోవచ్చు. మిగతా ఊళ్ళ నుంచి వచ్చే చాలా బళ్ళకు మాత్రం సామర్లకోటలో దిగాలి. అర్ధరాత్రి రెండింటికి సామర్లకోట ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసుతో నిలబడి ఆటో బేరమాడిన కొడుకు మరుసటి ఏడు విమానం టికెట్టు చూస్తాడు. ఆ విమానాశ్రయం కూడా రాజమండ్రి దగ్గర మధురపూడిలోనే! కాకినాడవాళ్ళు అక్కడిదాకా కారు మాట్లాడుకోవాలి.

అందుకే పిల్లలు సాధారణంగా రాజమండ్రికి ఓటేస్తారు. 'దిగితే ఇంట్లో ఉంటాం నాన్నా' అంటారు. ఏడాదికి ఎన్ని రోజులు దిగుతారో వాళ్ళూ చెప్పరు, వీళ్ళూ అడగరు.

ఒక ఇంట్లో వాదన

ఇలాంటి ఇళ్ళన్నింటినీ కలిపి ఒకే ఇల్లు అనుకుందాం. మల్కాజిగిరిలో మూడో అంతస్తు. ఆయనది ఆత్రేయపురం వైపు, ఆవిడది పిఠాపురం వైపు. కాబట్టి ఎవరి మొగ్గు ఎటో చెప్పనక్కర్లేదు. ఆయన రాజమండ్రి అంటే గట్టు, గ్రంథాలయం, పాత స్నేహితులు అని లెక్క చెబుతాడు. ఆవిడ కాకినాడ అంటే అక్క ఇల్లు, చదునైన వీధి, నడిచి వెళ్ళగల డాక్టరు అంటుంది. రెండేళ్ళుగా సంక్రాంతికి వెళ్ళినప్పుడల్లా రెండు ఊళ్ళలోనూ ఇళ్ళు చూస్తారు. వచ్చి ఏదీ తేల్చరు. ధరలు, పన్నులు, కుళాయి కనెక్షన్లు అన్నీ కాగితం మీద రెండు నిలువు వరసల్లో రాసుకున్నారు. వరసలు సమానంగా వస్తున్నాయి.

ఓ రాత్రి అన్నాల దగ్గర ఆవిడే అడుగుతుంది.

'ఏవండీ, ఇద్దరం ఉన్నన్నాళ్ళూ ఎక్కడైనా ఒకటే. మనిద్దర్లో ఒకరే మిగిలాక... ఆ ఒక్కరూ ఏ ఊళ్ళో ఉండగలరో ఆలోచించారా?'

'భోంచేసేటప్పుడు ఆ మాటలేంటే' అంటాడాయన. అంటాడు గానీ ఆ రాత్రి కాగితం తీసి మళ్ళీ చూసుకుంటాడు. దాని మీద రాసినవన్నీ ఇద్దరి కోసం రాసినవే.

ఇల్లు మారేవాళ్ళు చాలామంది ఈ ప్రశ్న దగ్గరికి రారు. వస్తే లెక్క తారుమారవుతుంది. రాజమండ్రిలో ఏడీబీ రోడ్డు వైపు అపార్టుమెంటు ఇద్దరికి సుఖం. ఆయన బండి తీస్తాడు, ఆవిడ వెనక కూర్చుంటుంది. బండి నడిపేవాడు పోతే ఆవిడకు ఆ ఊరు ఒక్కసారిగా పది రెట్లు పెద్దదైపోతుంది. అదే రామారావుపేటలో కింది వాటా అయితే పాలబూత్, గుడి, మందుల షాపు, బ్యాంకు అన్నీ కాలినడకనే. అక్క ఇల్లు మూడు వీధుల అవతల. సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే పలకరించేవాళ్ళుంటారు.

కానీ ఆవిడ ముందు పోతే? కుక్కర్ మూత కూడా సరిగా పెట్టడం రాని ఆయన చదునైన వీధుల్ని ఏం చేసుకుంటాడు? ఒంటరి మగవాడికి కావలసింది తెల్లారగానే ఇల్లు కదిలి వెళ్ళడానికి ఓ చోటు. రాజమండ్రి గట్టు ఆ పని చేస్తుంది. భార్య పోయిన మగవాళ్ళు ఆ మెట్ల మీద ఎంతమంది కూర్చుంటారో రోజూ వెళ్ళేవాళ్ళకు తెలుసు. అక్కడ ఎవరూ పనిగట్టుకుని పరామర్శించరు. ఒకాయన ఒక్కరోజు రాకపోతే మాత్రం మర్నాడు ఆయన ఇంటికి మనిషి వెళ్తాడు.

వాదన ఇక్కడ విచిత్రంగా మలుపు తిరుగుతుంది. ఇన్నాళ్ళూ రాజమండ్రి అన్నాయన 'కాకినాడే నయం, నీకు మీ అక్క దగ్గరుంటుంది' అంటాడు. కాకినాడ అన్న ఆవిడ 'నాకేం, నేనెక్కడున్నా వండుకు తింటాను. మీకే గోదారి లేకపోతే గడవదు' అంటుంది. ఫోన్లో కూతురికి ఇదంతా అర్థం కాదు. 'మీరిద్దరూ మళ్ళీ మాట మార్చారా' అని విసుక్కుంటుంది.

ఒంటరిగా మిగిలిన ఆడదాని గురించి తెలుగునాట మొదట్లోనే బాహాటంగా నిలబడిన ఊరు రాజమండ్రి. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది అక్కడే. అయితే ఇప్పుడు ఆ ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న అరవై దాటిన ఆవిడ సమస్య వేరు. సమాజం ఆమెను ఏమీ అనదు. రాత్రి ఎనిమిదికి గ్యాస్ట్రిక్ నొప్పో గుండె నొప్పో తెలియనప్పుడు ఆటో దొరకాలి, అంతే. ఆ ఒక్క లెక్కలో కాకినాడ ముందుంటుంది. మనుషుల మధ్య పొద్దుపుచ్చే లెక్కలో రాజమండ్రిది పైచెయ్యి. ఎవరు ముందు పోతారో తెలియదు కాబట్టి, ఇద్దరిలో ఎవరికి ఒంటరితనం ఎక్కువ కష్టమో చూసి ఆ మనిషి ఊరినే ఎంచుకోవడం తెలివైన పని. మంచి ఊరు ఏదన్న చర్చ పక్కన పెట్టేయొచ్చు. ఆ ఎంపిక పైకి అనుకునేటప్పుడు ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడరు. అయినా అనుకోవాలి.

మేలో ఒకటి, నవంబరులో ఒకటి

అనుభవం ఉన్నవాళ్ళు ముందే కొనొద్దంటారు. హైదరాబాదు ఫ్లాటు అమ్మిన డబ్బు చేతిలో ఉంటే బ్రోకర్లు ఇల్లిల్లూ తిప్పుతారు. సంక్రాంతి సెలవుల్లో చూస్తే రెండు ఊళ్ళూ అందంగానే కనబడతాయి. రాజమండ్రిని మే నెలలో చూడాలి, మధ్యాహ్నం మూడింటికి, కరెంటు పోయిన గంటలో. కాకినాడను నవంబరులో చూడాలి, రెండు రోజులు ముసురు పట్టాక, వీధిలో నీళ్ళు ఎంతసేపటికి పోతాయో గడియారం పట్టుకుని. రాజమండ్రిలో పశ్చిమం గాలి తిరిగినప్పుడు కాగితం మిల్లు వాసన ఏ పేట దాకా వస్తుందో పక్కింటివాళ్ళనే అడగాలి, బ్రోకరును కాదు.

ఇదివరకు పింఛనుదారులు ట్రెజరీకీ బ్యాంకుకూ దగ్గరగా ఉండాలని చూసేవాళ్ళు. బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి కూడా ఇచ్చేయొచ్చు కాబట్టి ఆ బెంగ తగ్గింది. దాని బదులు ఇంకో జాబితా రాసుకోవాలి. ఇంటికి క్యారేజీ పంపే మెస్ ఉందా? కింది వాటా దొరుకుతుందా? లిఫ్టు ఉంటే జనరేటరు ఉందా? రాత్రి తెరిచి ఉండే మందుల షాపు ఎంత దూరం? అన్నిటికన్నా ముఖ్యం, ఎదురింటి వాళ్ళు సొంతింటి వాళ్ళా అద్దెకున్నవాళ్ళా?

ఇద్దరికీ రాజీగా సామర్లకోటలోనో, పెద్దాపురంలోనో ఉండిపోదామనే వాళ్ళూ లేకపోలేదు. మధ్యలో కదా అని. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం ఉంది, రైలూ ఉంది. కానీ అక్కడికి వెళ్ళినవాళ్ళు డాక్టరు కోసం కాకినాడకు, గోదావరి కోసం రాజమండ్రికి తిరుగుతూ రెండు ఊళ్ళ ఆటోవాళ్ళకూ డబ్బులిస్తుంటారు.

మల్కాజిగిరి ఇల్లు ఏం చేసిందంటే... కాకినాడలో పదకొండు నెలల అగ్రిమెంటుతో ఒక కింది వాటా తీసుకుంది, గాంధీనగరంలో. ఆవిడ కోసమే ఆయన ఒప్పుకున్నాడు. ఆయన కోసం నెలకు రెండుసార్లు రాజమండ్రి వెళ్ళి ఒక రాత్రి మేనల్లుడింట్లో పడుకుని, తెల్లారి గట్టు మీద కూర్చుని రావాలని ఆవిడ షరతు పెట్టింది. మొదటి నెల రెండుసార్లూ వెళ్ళాడు. రెండో నెల నుంచి ఆవిడా వెంట వెళ్తోంది. గాంధీనగరం ఇంట్లో వెనక గది నిండా హైదరాబాదు నుంచి వచ్చిన అట్టపెట్టెలు, తాళ్ళు కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి.